ప్వేబ్లాకు చేరిన మిర్రా

ప్వేబ్లా, మెక్సికో
సెప్టెంబరు 15

ఖాలాకు,

అస్సలాము అలైకుమ్.

ఫోన్లో నా గొంతు ఈగలు ముసిరినట్టు వినిపిస్తోందని, ఇకమీదట చెప్పాల్సింది కాగితం మీద రాసి పంపమని హుకుం జారీ చేశావు కదా. ఇదిగో, రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లాగే పంపు. చెవికి మిషను పెట్టుకోమంటే ససేమిరా అంటావు కాబట్టి పిన్నీ కూతుళ్ళం ఇద్దరికీ ఈ చేతిరాత తప్పదు.

పని బాగానే ఉంది. శ్రీసిటీలో చేసిందే ఇక్కడా చేస్తున్నాను, కారు తలుపులు సరిగ్గా బిగిశాయో లేదో చూడటం. ఊరు మటుకు కొత్త. పడమటి దిక్కున ఒక పెద్ద కొండ, దాని నెత్తి మీద పొగ. పక్కనే ఇంకో కొండ, వెల్లకిలా పడుకున్న ఆడమనిషిలా ఉంటుంది. మనసిచ్చినవాడు యుద్ధంలో చచ్చిపోయాడని ఎవరో అబద్ధం చెబితే ఆ పిల్ల గుండె పగిలి చనిపోయిందట. వాడు తిరిగొచ్చి, ఆమెను పడుకోబెట్టి, కాగడా పట్టుకుని పక్కనే కూర్చుండిపోయాడట. ఆ కాగడా పొగే అది అంటారు.

ఇవన్నీ చెప్పేది మా ఇంటి ఓనరు మెర్సేదెస్. డెబ్బై దాటిన ఒంటరి మనిషి. నాకు స్పానిష్ నేర్పే పంతులమ్మ కూడా ఆవిడే. ఏటి గట్టు వెంబడి పిల్లల కోసం ఏడుస్తూ తిరిగే తల్లి దయ్యం కథ కూడా మొదలుపెట్టింది. ఈ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ అట. నాకు నచ్చలేదు. వద్దన్నాను.

అసలు సంగతి ఇది. పోయిన ఆదివారం ఆవిడ నన్ను ఒక పెద్ద రోడ్డు మధ్యలో ఉన్న విగ్రహం దగ్గరికి తీసుకుపోయింది. రంగు పలకలు పరిచిన ఫౌంటెను, దాని మీద వెడల్పాటి కుచ్చుల పావడా కట్టుకుని నిలబడిన ఆడమనిషి. మెర్సేదెస్ నా భుజం తట్టి, “చూడు, మీ దేశపు అమ్మాయి” అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నాలుగు వందల ఏళ్ళ కింద మన దేశపు రాకుమారి ఒకామె ఈ ఊరికి వచ్చిందట. పేరు మిర్రా. వస్తూ వస్తూ చమ్కీలు కుట్టిన పావడా తెచ్చిందట. ఆ పావడా చూసి ఇక్కడి ఆడవాళ్ళు మోజుపడి కుట్టించుకున్నారట. అదే ఇప్పుడు మెక్సికో దేశమంతటికీ పండగ బట్ట అయింది. ఆమెది ఢిల్లీ అని ఒకరు, ఆగ్రా అని ఒకరు, లాహోరు అని ఒకరు. చైనా అమ్మాయి అనేవాళ్ళు కూడా ఉన్నారు. అసలు ఊరేదో ఎవరికీ తెలియదు.

నాకు కుతూహలం పుట్టింది. సెలవు రోజుల్లో లైబ్రరీకి పోయి వెతుకుతాను. పావడా ఫోటో కూడా పంపుతున్నాను. కుట్టుపని ఎట్లా ఉందో నువ్వే చెప్పాలి.

నీ రుహీ


చిత్తూరు
అక్టోబరు 4

బేటీ రుహీకి,

దువా.

ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి, నిదానంగా రాయి.

పావడా ఫోటో మన ఇంటి మగ్గాల మీద చమ్కీ పని కుట్టే పిల్లలందరికీ చూపించాను. బాగుంది. కానీ అది బాగా డబ్బున్నవాళ్ళ బట్ట. అంత దూరం ఓడలో వచ్చిన చిన్నపిల్ల ఒంటి మీద అట్లాంటిది ఉండదు. ఆ రాకుమారి మాట నేను నమ్మను. రాజుగారి కూతురు తప్పిపోతే రాజ్యం కదిలిపోతుంది. ఊరేదో కూడా తెలియకుండా పోయిందంటే అది పేదపిల్లే అయివుంటుంది.

ఇంకో సంగతి. ఆ పిల్ల ఎట్లా వచ్చిందో రాయలేదు నువ్వు. “వచ్చింది” అంటే చాలదు. ఎవరు తెచ్చారు? ఎందుకు తెచ్చారు? పిల్ల కనబడకపోయేసరికి ఆ తల్లి ఏం చేసింది? కనుక్కుని రాయి. ఇక్కడ నేను పిల్లలకు సగం కథ చెప్పి మాటపడ్డాను. ఐరాల నుంచి వచ్చే హేమశ్రీ ఉంది కదా, పని నేర్చుకుని ఏడాది కూడా కాలేదు గానీ నోరు మాత్రం మేస్త్రీది. “అమ్మా, తెలీని కత ఎందుకు మొదులుపెడతావు? మాకు సూది నడవడంల్యా” అనింది.

ఇక్కడ వానలు పడుతున్నాయి. ఐరాల దిక్కున ఇంకా పడలేదంట. హేమశ్రీ వాళ్ళ బోరు రెండో ఏడు కూడా ఎండిపోయింది.

ఏడ్చే తల్లి కథ నచ్చలేదన్నావు. ఎందుకో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడూ ఆ మాట ఎత్తను. వేళకు తిను.

నీ ఖాలా
షరీఫున్నీసా


ప్వేబ్లా
నవంబరు 3

ఖాలాకు,

సలాం.

నువ్వు చెప్పిందే నిజం. నాకే సిగ్గేసింది.

ఆమె రాకుమారి అన్నది చచ్చిపోయాక అల్లిన కథలా ఉంది. చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పేది వేరు. మన సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న పిల్లను పోర్చుగీసు దొంగలు ఎత్తుకుపోయారు. వయసు పదీ పన్నెండూ ఉంటుందేమో. కూడా తమ్ముడు ఉన్నాడంటారు, వాడేమయ్యాడో తెలియదు. కొచ్చిన్‌కు తీసుకుపోయి కిరస్తానీ మతంలో కలిపి, మిర్రా పేరు తీసేసి కాతరీనా అని పెట్టారు. అక్కడి నుంచి మనీలా. అక్కడ సంతలో అమ్మారు. అక్కడి నుంచి నెలల తరబడి సముద్రం మీద, మగపిల్లాడి వేషం వేసి తెచ్చారని అంటారు. చివరికి ఈ ఊళ్ళో ఒక కెప్టెను ఇంట్లో బానిస.

ఆ కెప్టెను పోయాక ఆమెకు విడుదల దొరికింది. ఈ ఊళ్ళోనే ఎనభై దాటేదాకా బతికింది. ఎప్పుడూ ముతక నల్లబట్టే. చమ్కీల పావడాకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదట, రెండు వందల ఏళ్ళ తర్వాత ఎవరో ముడిపెట్టారు. కడదాకా ఆమెకు స్పానిష్ సరిగ్గా రాలేదు. ఆ ముక్క చదివినప్పుడు నాకు నేనే గుర్తొచ్చాను.

ఆమెకు ఏవేవో కనబడేవని, జరగబోయేది చెప్పేదని ఊరంతా నమ్మేది. చనిపోయిన రోజు జనం తోసుకొచ్చి శవం మీది బట్ట ముక్కలు ముక్కలుగా చింపి దాచుకున్నారట. తర్వాత కొన్నేళ్ళకే ఆమె బొమ్మలు ఎవరూ ఇంట్లో పెట్టుకోకూడదని మతాధికారులు ఆజ్ఞ వేశారు. ఎక్కడి మనిషి, ఏం చూసింది, ఎందుకంత భయపడ్డారు, ఇవి ఇప్పటికీ తేలని విషయాలే.

నువ్వు తల్లి సంగతి అడిగావు. తల్లి ఏం చేసిందో ఎవరూ రాయలేదు. కానీ ఒకటి దొరికింది. ఆమెకు కనబడే దృశ్యాల్లో ఒకటి ఏమిటో తెలుసా? అమ్మా నాన్నా ఓడ దిగి వస్తున్నట్టు కనబడేదట. పెద్దదయ్యాక కూడా.

నిన్నంతా ఇక్కడ చనిపోయినవాళ్ళ పండగ. ఊరంతా బంతిపూలే. రోడ్డు నుంచి ఇంట్లోకి దారి పొడుగునా రేకులు చల్లుతారు, పోయినవాళ్ళు దారి తప్పకుండా రావాలని. మన ఐరాల తోటల్లో కోసే బంతే. అసలు ఆ పువ్వు పుట్టిందే ఈ దేశంలోనట, పోర్చుగీసు ఓడల్లో మన దగ్గరికి చేరిందట. పువ్వు అటు, పిల్ల ఇటు. మెర్సేదెస్ తన మొగుడి ఫోటో ముందు పూలు పెడుతూ, “నీకు ఎవరైనా ఉన్నారా పెట్టడానికి?” అని అడిగింది. “తెలియదు” అన్నాను. ఆవిడకు నా స్పానిష్ అర్థం కాలేదనుకుంటా, ఇంకోసారి అడిగింది. ఇంకోసారి కూడా అదే చెప్పాను.

జనవరి అయిదు కాతరీనా పోయిన రోజు. ఈ వీధి కమిటీవాళ్ళు చిన్న సభ పెడుతున్నారు. నన్ను కిరీటం, చమ్కీల పావడా వేసుకుని రాకుమారిగా నిలబడమంటున్నారు. ఏం చెప్పమంటావు?

నీ రుహీ


చిత్తూరు
డిసెంబరు 12

బేటీ,

దువా.

కిరీటం పెట్టుకోవద్దు. పోయి, నిజం చెప్పు.

నీ కథ పిల్లలకు పూర్తిగా చెప్పాను. పేరు మార్చారు, వేషం మార్చారు అన్న దగ్గర హేమశ్రీ సూది ఆపేసింది. “అమ్మా, ఆ పిల్లకి వయసు గూడా మార్చినారా?” అనింది. వయసు ఎందుకు మారుస్తారే అన్నాను. మళ్ళీ సూది పట్టింది. అన్నం వేళకు నా దగ్గరికి వచ్చి కూర్చుంది. “నాకు మార్చినారు. ఇరవై మూడు నాకు. పాస్‌పోర్టులో ముప్పై ఒకటి ఏసినారు” అనింది.

ముప్పై దాటని ఆడవాళ్ళను గల్ఫుకు ఇంటిపనికి పంపకూడదని సర్కారు రూలు. అందుకని తిరుపతిలో ఒక ఏజెంటు ఈ పని చేశాడు. వచ్చే వారం మద్రాసు నుంచి విమానం. ఇంట్లో అమ్మ వసంతమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరే ఉండింది.

నేను తిట్టలేదు. పోవద్దని కూడా అనలేదు. బోరు ఎండిపోయిన ఇంటి పిల్ల, కడుపు చేతపట్టుకుని పోతానంటే అనడానికి నేనెవరు. ఒక్కటే చెప్పాను. “పో. కానీ నీ పేరుతో, నీ వయసుతో పో. నీకేమన్నా అయితే మేము ఎవరని అడగాలి?”

మర్నాడు ఇద్దరం తిరుపతికి పోయాం. సలావుద్దీన్ ఇంటికి. పాస్‌పోర్టు వచ్చింది. హేమశ్రీ ప్రయాణం మానుకుంది. తప్పుడు వయసు సంగతి ఆఫీసులో తనే చెప్పి సరిచేయించుకుంటానంటోంది. ధైర్యం గల పిల్ల.

ఇంతే. నా ఒంట్లో బాగుంది.

షరీఫున్నీసా


ప్వేబ్లా
జనవరి 8

ఖాలాకు,

సలాం.

ముందు సభ సంగతి రాస్తాను.

కిరీటం పెట్టుకోలేదు. రోజూ వేసుకునే సల్వార్‌లోనే పోయాను. ఆమెను పూడ్చిన చర్చి దగ్గర ఒక హాలు, అరవై డెబ్బై మంది ఉంటారు. కమిటీ పెద్దాయన నన్ను చూడగానే ముఖం ముడుచుకున్నాడు. అయినా రాసుకున్నది చదివాను. ఆమె పేరు మిర్రా అని. ఆమె పావడా తెచ్చిన రాకుమారి కాదు, ఎవరో అమ్మేసిన పసిపిల్ల అని. ఆమెది ఏ ఊరో నాకూ తెలియదు, కానీ ఆ ఊళ్ళో ఒక ఇంట్లో ఆమె కోసం అన్నం తీసిపెట్టి ఎదురుచూసి ఉంటారని.

పెద్దాయన లేచాడు. “చిన్నప్పటి నుంచి ఆమె మా రాణి. మా రాణిని మాకు లేకుండా చేస్తున్నావు” అన్నాడు. కోపంగా కాదు, బాధగా.

మెర్సేదెస్ కూర్చున్న చోటి నుంచే అంది, “ఆమెను ఎవరూ తీసుకుపోవడం లేదు. రాణి అయితే ఆమెకు మనం అక్కర్లేదు. పిల్ల అయితే మనం కావాలి.” పెద్దాయన కూర్చుని, నన్ను పిలిచి “మిర్రా” అని ఎట్లా పలకాలో అడిగాడు. అందరం కలిసి ఆ పేరు పలికాం. చర్చి గంట కొడుతుంటే మళ్ళీ పలికాం.

బయటికి వస్తుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. మెడలో కొడుకు ఫోటో అట్టముక్కకు అంటించి వేలాడదీసుకుంది. ఈ దేశంలో తప్పిపోయినవాళ్ళు వేలమంది, తల్లులే గుంపులుగా తిరిగి వెతుక్కుంటున్నారు. “ఆ పిల్ల తల్లికి తెలిసిందా, కూతురు ఎక్కడుందో?” అని అడిగింది. లేదు అన్నాను. “తెలియకపోవడం కంటే ఏదైనా మేలే” అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. హేమశ్రీతో మాట్లాడింది ప్రతి ముక్కా రాశావు. సలావుద్దీన్ ఇంటికి పోయాక ఏం జరిగిందో ఒక్క ముక్క రాయలేదు. “నా ఒంట్లో బాగుంది” అని నువ్వు ఎప్పుడూ రాయవు. సలావుద్దీన్ ఎవరో నాకు తెలుసు, ఖాలా. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మను కువైట్ పంపినవాడు. రెండేళ్ళు ఫోన్లు వచ్చి ఆగిపోయాక నువ్వు ఎన్నిసార్లు వాడి గడప తొక్కావో నాకు గుర్తుంది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి లోపలికి పోయేదానివి.

ఇన్నేళ్ళూ నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. అక్కడ ఏం విన్నావు?

రుహీ


చిత్తూరు
జనవరి 20

బేటీ రుహీ,

ఇది కూర్చుని చదువు. మెర్సమ్మను పక్కన ఉండమను.

నీకు అప్పుడే రాయకపోవడానికి కారణం, నాకు తెలిసింది నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాను. దేశంకాని దేశంలో ఉన్న పిల్లకు సగం మాట చెప్పకూడదు. ఇప్పుడు తేలింది.

ఆ రోజు హేమశ్రీని వెంటపెట్టుకుని పోయేసరికి సలావుద్దీన్ ఇంట్లోనే ఉన్నాడు. ముసలివాడయ్యాడు. ఆ వ్యాపారం మానేసి అత్తరు అంగడి పెట్టుకున్నాడు. మేము మాట్లాడుకున్నది ఉర్దూలో, హేమశ్రీకి అర్థం కావాలని మధ్యలో తెలుగులోకి దిగాను.

“ఆ ఏజెంటు నీ కాడ పని నేర్సుకున్నోడే. ఫోన్ చేసి ఈ పిల్ల పాస్‌పోర్టు ఈడికి తెప్పియ్యి” అన్నాను.

“ఆ పని ఇడిసిపెట్టి సానా ఏండ్లయింది షరీఫూ. వాడు నా మాట వినడు” అన్నాడు.

“వింటాడు. వినకుంటే పోలీసుల కాడ నీ పేరు గూడా సేర్సి సెప్తా.”

ఫోన్ చేశాడు. ఏజెంటు మనిషి చేత పంపిస్తానన్నాడు. అది వచ్చేదాకా కూర్చున్నాం. హేమశ్రీ దిగులుగా నేల చూస్తోంది. ఆ పిల్లను చూస్తుంటే నువ్వు రాసిన మాటే నా తలలో తిరుగుతోంది. పేరు మార్చారు, అందుకే ఎవరికీ దొరకలేదు. మీ అమ్మ, నాజియా ఆపా, కువైట్ పోయేనాటికి ఆమెకు ఇరవై ఏడు. అప్పుడూ ఇదే రూలు. నేను ఎంబసీకి ఎన్ని అర్జీలు పెట్టినా, నాజియా అనే ఆడమనిషి ఈ ఊరి నుంచి ఈ దేశానికి రానే లేదని జవాబు వచ్చేది. వాళ్ళు సరిగ్గా చూడలేదని ఇన్నేళ్ళూ వాళ్ళనే తిట్టుకున్నాను.

తలెత్తి అడిగాను. తెలిసినదాన్నే అడిగినట్టు అడిగాను. “మా అక్కను ఎవురి పేరు మీద పంపినావు?”

సలావుద్దీన్ చేతిలో గ్లాసు కింద పెట్టాడు. తెర వెనక నుంచి ఆయన భార్య మాట వచ్చింది. “సెప్పు. ఇంగ ఎన్నాళ్ళు దాస్తావు? ఖైరున్నీసా పేరు మీద అని సెప్పు.”

ఖైరున్నీసా సలావుద్దీన్ చెల్లెలు. ఆమెకు అప్పటికే ముప్పై దాటాయి. ఆమె పాస్‌పోర్టు మీద ఆపా ఫోటో అంటించి పంపాడు. ఆపాకు విమానం ఎక్కే రోజు దాకా చెప్పలేదట. ఎవరికన్నా చెబితే జైల్లో పెడతారని బెదిరించాడట. అందుకే మనకు కూడా చెప్పలేదు.

ఆయన భార్య బయటికి వచ్చి నా ఎదుట కూర్చుని మిగిలింది కూడా చెప్పింది. ఆపా పోయిన రెండో ఏడు కువైట్ నుంచి వాళ్ళింటికి ఫోన్ వచ్చింది. పాస్‌పోర్టులో ఉన్నది వాళ్ళ అడ్రసే కదా. ఖైరున్నీసాకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చనిపోయింది, శవాన్ని పంపమంటారా అని అడిగారు. ఈయన భయపడి, అక్కడే పూడ్చండి అన్నాడు.

రుహీ, మీ అమ్మ పోయింది. నీకు ఆరేళ్ళప్పుడే పోయింది. నిన్నూ నన్నూ వదిలేసి ఎక్కడో కాపురం పెట్టిందని మన వీధిలో అన్న మాటలు నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఆ మాటలు అబద్ధం.

నేను అరవలేదు. అరుస్తాననే హేమశ్రీ అనుకుందట. “రేపు నాతో లాయరు కాడికి రా. సెప్పింది సెప్పినట్టు రాసియ్యాల. ఆ తర్వాత కేసు సంగతి నేనూ పోలీసులూ సూసుకుంటాం” అన్నాను. వచ్చాడు. రాసిచ్చాడు. ఆ కాగితం పెట్టి ఈసారి ఖైరున్నీసా పేరుతో అడిగితే పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. ఆ పేరు గల మనిషి చనిపోయింది నిజం. పూడ్చింది నిజం. పనిచేసిన ఇంటివాళ్ళ పేరు కూడా ఇచ్చారు. కింద రాశాను.

ఇప్పుడు ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. నేను ఏడవాల్సింది ఏడ్చేశాను. నువ్వు కూడా ఏడ్చి, లేచి అన్నం తిని, అప్పుడు రాయి.

నీ ఖాలా


ప్వేబ్లా
ఫిబ్రవరి 2

ఖాలాకు,

ఏడ్చాను. అన్నం తిన్నాను. మెర్సేదెస్ మూడు రోజులు నా గదిలోనే పడుకుంది.

ఆ ఇంటివాళ్ళకు రాశాను. ఏం జవాబు వస్తుందో చూద్దాం. రాకపోయినా పోతాను.

రుహీ


కువైట్
మే 9

ఖాలాకు,

సలాం.

నిన్న అమ్మ దగ్గరికి పోయాను. అన్నీ వరసగా రాస్తాను, నువ్వు ముందు పేజీ వదిలి వెనక పేజీ చదవొద్దు.

వీసా పంపింది అమ్మ పనిచేసిన ఇంటి కూతురు దలాల్. నాకంటే కొన్ని నెలలు చిన్నదంట, బ్యాంకులో పనిచేస్తోంది. నా ఉత్తరానికి ఆమె పంపిన జవాబు ఒక్క ముక్కే, “దయచేసి రండి” అని. ఎయిర్‌పోర్టుకు తనే వచ్చింది. కారులో కూర్చున్నంతసేపూ నేను మనసులో చాలా ప్రశ్నలు పేర్చుకున్నాను. జీతం ఇచ్చారా, కొట్టారా, డాక్టరు దగ్గరికి వేళకు తీసుకుపోయారా. పోట్లాడటానికే వచ్చాననుకో.

ఇంటికి పోయేసరికి వాళ్ళ అమ్మ పడక మీద ఉంది, పక్షవాతం, మాట లేదు. దలాల్ నాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. “మీ ఇంట్లో ఖైరున్నీసా పేరుతో పనిచేసినావిడ...”

“నాజియా,” అంది దలాల్.

ఇంకోసారి చెప్పమన్నాను.

“పెద్దవాళ్ళ ముందు ఖైరున్నీసా. మేమిద్దరమే ఉన్నప్పుడు నాజియా అని పిలవాలి. అది మా ఆట. ఎవరికీ చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించింది” అంది. “మీరు రుహీ కదా. పరధ్యానంలో ఉన్నప్పుడు నన్ను రుహీ అని పిలిచేది. నాకు కోపం వచ్చేది. నా ఇంట్లో నీ అంత పొడుగు పిల్ల ఉంది, దాని పేరు నోటికి అలవాటైపోయింది అని చెప్పేది.”

ఖాలా, మనం మనిషి ఆనవాలు కోసం ఇన్నేళ్ళు వెతికాం. ఆ ఆనవాలు ఒక చిన్నపిల్ల దగ్గర భద్రంగా ఉండింది.

నా ప్రశ్నలన్నీ అడిగాను. ఆమె దాచకుండా చెప్పింది. కొట్టలేదు. జీతం ఇచ్చారు, కానీ సెలవు ఇవ్వలేదు. ఇంటికి పోతానని అమ్మ అడిగినప్పుడు ఇంకో ఏడాది ఉండమన్నారట. జ్వరం వచ్చినప్పుడు రెండు రోజులు మామూలు జ్వరమే అనుకున్నారట. “మా అమ్మ తప్పు అది” అంది దలాల్, పడక మీది మనిషి ముందే. ఆ ముసలామె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నేను క్షమించానని చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి కూడా నాకు హక్కుంది కదా. కానీ లేచి, ఆమె తల కింద దిండు జారిపోతుంటే సరిచేశాను.

సాయంత్రం దలాల్ శ్మశానానికి తీసుకుపోయింది. ఎర్రటి ఇసుక, వరసగా చిన్న చిన్న రాళ్ళు. అమ్మ రాయి మీద నంబరు ఉంది, పేరు లేదు. నేను పక్కన కూర్చుని ఫాతిహా చదివాను. నాజియా బీ, చిత్తూరు అని గట్టిగా చెప్పి చదివాను. దలాల్ కూడా నా పక్కన కూర్చుంది. రికార్డులో పేరు సరిచేయడానికి నీ కాగితం, ఎంబసీ కాగితం కలిపి అర్జీ ఇచ్చాం. టైము పడుతుంది గానీ అవుతుందన్నారు.

తిరిగి వస్తుంటే దలాల్ అడిగింది. “నాజియా నేర్పిన పాట ఒకటి ఉంది. ఏ భాషో తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరినడిగినా చెప్పలేదు. నువ్వు చెప్పగలవా?” అని. చెప్పమన్నాను. కారు ఆపి, చిన్నపిల్లలా తలాడిస్తూ అంది:

“చిత్తూరు, కాణిపాకం, ఐరాల. ఎక్కండి, ఎక్కండి. చిత్తూరు, కాణిపాకం, ఐరాల.”

మంచాన్ని బస్సు చేసి ఇద్దరూ ఆడుకునేవాళ్ళట. అమ్మ కండక్టరు.

అది పాట కాదు, మా ఊరి బస్సు అని చెప్పాను. తర్వాత రోడ్డు పక్కన ఇద్దరం ఎంతసేపు ఏడ్చామో, ఎంతసేపు నవ్వామో నాకు తెలియదు.

నీ రుహీ


చిత్తూరు
మే 13

బేటీ రుహీకి,

దువా.

వెనక పేజీ ముందు చదవలేదు. వరసగానే చదివాను.

పొద్దున్నే మసీదులో చెప్పించి ఆపా పేరున నలభై మందికి భోజనం పెట్టాను. వండింది హేమశ్రీ, వాళ్ళ అమ్మ వసంతమ్మ. మన వీధిలో ఆ మాటలు అన్న ఆడవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. వచ్చారు. తలలు వంచుకుని తిన్నారు. నేను దగ్గరుండి ఇంకోసారి వడ్డించాను.

సలావుద్దీన్ మీద కేసు పెట్టారు. కోర్టుకు పోవాల్సి వస్తుంది. పోతాను. చెవికి మిషను కూడా తీసుకున్నాను, జడ్జి అడిగేది వినబడాలి కదా.

నువ్వు దిండు సరిచేసిన సంగతి చదివాను. మంచి పని చేశావు. క్షమించానని చెప్పకపోవడం కూడా మంచి పనే.

ఇక ఆ దలాల్ సంగతి. మా అక్క రెండేళ్ళు అన్నం తినిపించి నిద్రపుచ్చిన పిల్ల. పరాయిపిల్ల ఎట్లా అవుతుంది? వచ్చే నెల బంగారుపాళ్యంలో మామిడికాయలు దిగుతాయి. నువ్వు వచ్చేటప్పుడు దాన్ని కూడా వెంటబెట్టుకుని రా. ఐరాల బస్సు బస్టాండులో ఇప్పటికీ అట్లాగే పిలుస్తారు, కిటికీ పక్కన సీటు పట్టి కూర్చోబెడదాం. ఇద్దరు కూతుళ్ళకూ పరుపులు ఎండలో వేశాను.

నీ ఖాలా
షరీఫున్నీసా